తలుపు వెనుక చెయ్యి: లాసన్స్ బే కాలనీలో ఒక బార్న్ డోర్‌కు హ్యాండిల్ ఎంపిక

విశాఖపట్నంలో ఇళ్ళకు లోపలి చెక్కపని చేయించడం నా వృత్తి. ఈ మధ్య పూర్తయిన ఒక పనిని కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఖర్చును బట్టి చూస్తే అది చిన్న పనే. ఒక తలుపుకు హ్యాండిల్ మార్చాం, స్టాపర్లు జరిపాం. కానీ ఆ హ్యాండిల్‌ను మొదటిసారి సరిగా ఎంచుకోకపోవడం వల్ల డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఒకరు దాదాపు ఏడాది పాటు తన గది తలుపు తాను వేసుకోలేకపోయారు. ఆ మొదటి ఎంపిక నాది. దాన్ని ఎలా దిద్దామో తెలిస్తే ఇలాంటి తలుపు పెట్టించుకోబోయే వాళ్ళకూ, పెట్టే మేస్త్రులకూ పనికొస్తుంది.

ఇల్లు, గది, తలుపు

లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్ అది. బాల్కనీ తలుపు తీస్తే సముద్రపు గాలి నేరుగా హాల్లోకి వస్తుంది. కొడుకు, కోడలు, బడికి వెళ్ళే మనవడు, అమ్మగారు ఉంటారు. అమ్మగారికి వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి. వాకర్ పట్టుకుని నడుస్తారు. ఆమె గదికి మొదట ఉన్నది లోపలికి తెరుచుకునే మామూలు తలుపు. గదిలోంచి బయటికి రావాలంటే తలుపు రెక్కను తన వైపు లాక్కుంటూ, వాకర్‌తో సహా ఒక అడుగు వెనక్కి వేయాలి. పెద్దవాళ్ళు పడిపోయేది ఇలాంటి చోటే. ఒకసారి తూలి గోడను ఆనుకున్నారట. ఆ మర్నాడే కొడుకు నాకు ఫోన్ చేశారు.

పక్కకు జరిగే తలుపు పెడదామని అనుకున్నాం. గోడలో దూరిపోయే రకం తలుపు కావాలంటే గోడ పగలగొట్టాలి. బార్న్ డోర్‌కు ఆ బాధ లేదు. అమెరికాలో గడ్డి, ధాన్యం, పశువుల కోసం కట్టుకునే కొట్టాల తలుపుల నుంచి వచ్చిన పద్ధతి ఇది. గుమ్మానికి పైన గోడకు ఒక ఇనుప పట్టా బిగిస్తారు. దాని మీద దొర్లే రోలర్లకు తలుపు వేలాడుతూ గోడ ముందు పక్కకు జరుగుతుంది. కింద తలుపు ఊగకుండా నేలకు చిన్న గైడ్ ఒకటి ఉంటుంది. తలుపు గుమ్మంలో కూర్చోదు, గుమ్మానికి ముందు వేలాడుతుంది. ఈ ఒక్క తేడా నుంచే హ్యాండిల్ సమస్య అంతా పుడుతుంది.

కొలతలు ఇవి. గుమ్మం లోపలి వెడల్పు 915 మి.మీ., అంటే మూడడుగులు. తలుపు వెడల్పు 1015 మి.మీ.; మూసినప్పుడు గుమ్మాన్ని రెండు వైపులా 50 మి.మీ. చొప్పున కప్పాలని అలా పెట్టాం. మందం 40 మి.మీ., చట్రం టేకు. బరువు సుమారు 55 కిలోలు. తలుపు వెనుక ముఖానికీ గుమ్మం చెక్కకూ మధ్య ఖాళీ 12 మి.మీ. పట్టా హాలు వైపు ఉంది. కాబట్టి హాల్లోంచి కనిపించేది తలుపు ముందు ముఖం, అమ్మగారి గదిలోంచి కనిపించేది వెనుక ముఖం.

కొడుకు ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. నిలువుగా పొడవాటి నల్లటి హ్యాండిల్, రెండు చివర్లా బోల్టులు. నాకూ నచ్చింది. పౌడర్ కోటింగ్ వేసిన ఇనుప హ్యాండిల్ 300 మి.మీ. పొడవుది తెప్పించి ముందు వైపు బిగించాం. వెనుక వైపు మాత్రం పైకి పొడుచుకొచ్చే హ్యాండిల్ కుదరదు. తలుపు జరిగేటప్పుడు అది గుమ్మానికి తగులుతుంది. అందుకని 50 మి.మీ. గుండ్రటి గిన్నె లాంటి ఫ్లష్ హ్యాండిల్‌ను చెక్కలో గుంట తీసి కూర్చోబెట్టాం. దుకాణాల్లో బార్న్ డోర్‌కు ఇచ్చే జత ఇదే: ముందుకు పొడవాటి పిడి, వెనుకకు గిన్నె. అందరూ పెట్టేదే మేమూ పెట్టాం.

పది నెలల తర్వాత

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది వంటింటి అరల పని మీద. అమ్మగారి గది తలుపు పూర్తిగా తీసి ఉంది. ఆమె మంచం మీద కూర్చుని తలుపు వైపు వీపు పెట్టి జడ వేసుకుంటున్నారు. కోడలు మాటల్లో చెప్పారు: "అత్తయ్య తలుపు వేసుకోరండీ. చీర మార్చుకోవాలన్నా బాత్‌రూంలోకే వెళ్తారు."

నేను గదిలోకి వెళ్ళి తలుపు మూయబోయాను. వెనుక వైపు గిన్నె హ్యాండిల్ కనిపించలేదు. తలుపు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు దాని అంచు గుమ్మం అంచుతో సమానంగా నిలుస్తుంది. గిన్నె ఆ అంచుకు 90 మి.మీ. లోపల ఉంది కనుక గోడ వెనుకకు వెళ్ళిపోయింది. గదిలో ఉన్న మనిషి తలుపు మూయాలంటే రెండే దారులు. 12 మి.మీ. సందులోకి వేళ్ళు దూర్చి తలుపు అంచు పట్టుకుని లాగాలి. లేదా హాల్లోకి చెయ్యి చాచి ముందు వైపు హ్యాండిల్ అందుకోవాలి. మొదటిది వాచిన కణుపులతో సాధ్యం కాదు. రెండోది ఒక చెయ్యి వాకర్ మీద ఉంచి చేస్తే మనిషి పక్కకు ఒరుగుతుంది.

"అమ్మా, ఇంతకాలం నాకు చెప్పలేదేం?" అని అడిగాను.

"తలుపు బాగానే ఉంది బాబూ, నా చేతులే బాగాలేవు" అన్నారు.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వాడే మనిషి చేతికి అందని హ్యాండిల్‌ను పెట్టింది మేము; తప్పు తన చేతులదని ఆమె అనుకున్నారు.

ఆ రోజే తలుపును అంగుళం అంగుళం చూశాను. మరో మూడు లోపాలు బయటపడ్డాయి. ఒకటి తుప్పు. నల్ల హ్యాండిల్ నడుమ భాగం కొత్తదానిలాగే ఉంది. కానీ కింది బోల్టు చుట్టూ వేలిగోరంత మేర రంగు పొక్కి, గోటితో గీస్తే పొరలా లేచి వచ్చింది. దాని కింద ఎర్రటి పొడి. బోల్టు బిగించేటప్పుడు రంచ్ తగిలి పూత చిట్లిన చోటు అది. ఇనుముకు పూత ఎక్కడ చిట్లితే అక్కడినుంచే ఉప్పుగాలి పని మొదలుపెడుతుంది, తర్వాత పూత కింది నుంచి పాకుతుంది.

రెండోది గుమ్మం చెక్క మీద రెండు గీతలు. ఒకదాని పైన ఒకటి, మధ్య దూరం కొలిస్తే సరిగ్గా 300 మి.మీ. ముందు హ్యాండిల్ బోల్టుల తలలు వెనుక వైపు 6 మి.మీ. పైకి ఉన్నాయి. ఖాళీ 12 కదా అని వదిలేశాం. వర్షాకాలంలో చెక్క కాస్త వంగింది, నేల మీది గైడ్ వదులైంది, తలుపు లోపలికి ఊగింది. తెరిచిన ప్రతిసారీ ఆ రెండు తలలూ గుమ్మం పాలిష్‌ను గీరాయి.

మూడోది బరువు. అంటే తలుపు బరువు కాదు, తలుపును కదిలించడానికి కావలసిన బలం. అది నా చేతికి ఎక్కువగా అనిపించలేదు. నా చెయ్యి కొలబద్ద కాదు కనుక మర్నాడు కొక్కెంతో వేలాడే చిన్న డిజిటల్ కాటా తీసుకెళ్ళాను. హ్యాండిల్‌కు తాడు కట్టి, కొక్కెం తగిలించి, తలుపు కదిలే వరకు అడ్డంగా మెల్లగా లాగాను. పూర్తిగా తెరిచిన స్థితి నుంచి కదలడానికి 3.8 కిలోలు చూపించింది. కదిలాక కిలోకు దిగింది.

ఆ తేడాకు కారణం సాఫ్ట్ క్లోజ్. తలుపు చివరికి వచ్చినప్పుడు దబ్బున కొట్టుకోకుండా మెల్లగా లాక్కునే స్ప్రింగ్ అది. మేము రెండు చివర్లా పెట్టాం. లాక్కున్న స్ప్రింగు తలుపును వదలాలంటే దాన్ని మళ్ళీ సాగదీయాలి, ఆ పని చెయ్యే చేయాలి. అమెరికాలో వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన నిర్మాణ ప్రమాణాల్లో లోపలి జరిగే తలుపులకు గరిష్ఠ బలం 22.2 న్యూటన్లు అని ఉంది. కాటా మీద అది రెండుంపావు కిలోలు. మన ఇళ్ళకు ఆ చట్టం వర్తించదు గానీ, కొలత ఏ దేశానిదైనా చెయ్యి చెయ్యే. అమ్మగారు లాగాల్సి వచ్చింది దానికి ఒకటిన్నర రెట్లకు పైనే.

ఏ హ్యాండిల్? ముందు ఎక్కడ అన్నది తేలాలి

అదే ప్రమాణాల్లో జరిగే తలుపుల గురించి మరో వాక్యం ఉంది. తలుపు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు దాని హ్యాండిల్ రెండు వైపుల నుంచీ బయటకు కనిపించాలి, వాడుకోవడానికి వీలుగా ఉండాలి అన్నది దాని సారం. ఈ వాక్యం నేను ఏళ్ళ కిందట చదివాను. చదివింది ప్రజా భవనాల కోసమని మనసులో ఒక మూల పెట్టేశాను. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు బార్న్ డోర్ కోసం వచ్చినా మొదట అడిగేది ఈ ప్రశ్నే: తలుపు పూర్తిగా తెరిచాక లోపలి మనిషి చెయ్యి దేన్ని పట్టుకోవాలి?

దీనికి జవాబు చెప్పాలంటే తలుపులో కొంత భాగం ఎప్పుడూ గుమ్మంలోనే మిగలాలి. ఎంత మిగిలితే దారి అంత ఇరుకవుతుంది. కాబట్టి ముందు దారి ఎంత ఉండాలో తేల్చుకున్నాం. అమ్మగారి వాకర్ బయటి వెడల్పు 610 మి.మీ. మోచేతులు, చీర కుచ్చిళ్ళు కలుపుకుంటే అంతకంటే చాలా ఎక్కువ కావాలి. చక్రాల కుర్చీకి ఆ ప్రమాణాల్లో చెప్పిన కనీస వెడల్పు 815 మి.మీ. ఎప్పటికైనా అవసరం రావచ్చని దాన్నే హద్దుగా పెట్టుకున్నాం. 915లోంచి 815 తీస్తే వంద. తలుపు పూర్తిగా తెరిచినా గుమ్మంలో వంద మిల్లీమీటర్ల చెక్క నిలిచి ఉండవచ్చు, అంతకు మించకూడదు.

కొడుకు అడిగారు: "మరి ఆ వందలో వెనుక వైపు కూడా ముందు లాంటి హ్యాండిలే పెట్టేయవచ్చు కదండీ? గుమ్మానికి తగలదు కదా." మంచి ప్రశ్న. నేనూ మొదట అదే అనుకున్నాను. కాగితం మీద గీస్తే కుదరలేదు. తలుపు తెరిచినప్పుడు ఒక వైపు గుమ్మం అడ్డు, మూసినప్పుడు రెండో వైపు గుమ్మం అడ్డు. మూసినప్పుడు తలుపు అంచు అవతలి గుమ్మాన్ని 50 మి.మీ. కప్పుతోంది. ఆ 50 లోపల వెనుక వైపు ఏదీ పొడుచుకు రాకూడదు. దాని తర్వాత, పిడి పట్టుకున్న చేతి కణుపులు గుమ్మానికి రాసుకోకుండా ఇంకో 60 కావాలి. అంటే పిడి అంచుకు 110 దూరంలో ఉండాలి. తెరిచినప్పుడు ఇవతలి గుమ్మం నుంచి మళ్ళీ 60 కావాలి. మొత్తం 170. దారి 745కు పడిపోతుంది. పిడి చేతికి హాయిగా ఉంటుంది, వాకర్ మాత్రం ఇరుక్కుంటుంది.

ఈ లెక్కలో మార్చగలిగింది ఒకటే, ఆ 50. రెండు వైపులా సమానంగా కప్పాలన్నది అలవాటు మాత్రమే, అవసరం కాదు. మూసే వైపు కప్పును 20కి తగ్గించి, వెనుక కొన వైపు 80కి పెంచాం. తలుపు కోయలేదు, కొత్తది చేయలేదు. పట్టా మీద ఉన్న స్టాపర్‌ను అలెన్ కీతో వదులు చేసి 30 మి.మీ. జరిపి బిగించాం, దానితో పాటు సాఫ్ట్ క్లోజ్ కొక్కేన్నీ జరిపాం. మూసే వైపు కప్పు తగ్గితే 12 మి.మీ. సందులోంచి హాల్లోని వాళ్ళకు గది కనబడుతుంది. అందుకని అక్కడ గుమ్మానికి నిలువునా ఒక టేకు పట్టీ కొట్టాం. పట్టీ మందం 52 మి.మీ., అంటే ఖాళీ 12, తలుపు 40 కలిపి. తలుపు మూసినప్పుడు దాని అంచు ఆ పట్టీకి ఆనుతుంది, ముఖాలు రెండూ ఒకే మట్టానికి వస్తాయి. వెలుతురు కూడా రాదు.

ఇలా చేశాక వెనుక వైపు పిడి కాకుండా చెక్కలోకి దిగిన గుంట పెడితే లెక్క సరిపోతుంది. గుంట తలుపు అంచుకు 35 మి.మీ. దగ్గర మొదలై 80 దగ్గర ముగుస్తుంది. మూసినప్పుడు 20 గుమ్మం వెనుకకు పోయినా గుంటకు ముందు ఇంకా 15 మిగులుతుంది. తెరిచినప్పుడు గుంటకూ గుమ్మానికీ మధ్య 20 ఉంటుంది. గుంటలో వేళ్ళు పెట్టి తలుపు తెరుస్తున్న చెయ్యి గుమ్మానికి కొట్టుకోకుండా ఉండటానికి ఆ 20 అవసరం. తెరిచే వైపు స్టాపర్ ఎప్పటికీ జరగకుండా రెండు స్క్రూలు వేశాం. ఎందుకంటే అక్కడ స్టాపర్ వదులైతే నలిగేది వేళ్ళు.

అనుకోకుండా ఇంకొక మేలు కూడా జరిగింది. మొదట తలుపు పూర్తిగా తెరిస్తే హాల్లో గుమ్మానికి 960 మి.మీ. దూరంలో ఉన్న స్విచ్‌బోర్డును కప్పేసేది. ఇప్పుడు తలుపు 915 దగ్గర ఆగుతుంది, స్విచ్చులు బయటపడ్డాయి. కోడలికి అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించింది ఇదే.

గుంట ఆకారం

మార్కెట్లో దొరికే ఫ్లష్ హ్యాండిళ్ళు నాలుగైదు తెచ్చి అమ్మగారి ముందు బల్ల మీద పెట్టాను. గుండ్రటివి, కోలగా ఉన్నవి, నలుచదరపువి. కళ్ళు మూసుకుని పట్టుకోమన్నాను. గుండ్రటి వాటిలో రెండు వేళ్ళ కొనలు మాత్రమే దిగాయి. బరువంతా ఆ కొనల మీదే పడుతుంది. కణుపుల నొప్పి ఉన్నవాళ్ళకు అసలు కుదరనిదే అది. నలుచదరపు వాటిలో నాలుగు వేళ్ళూ దిగాయి, కానీ లోతు 12 మి.మీ. మాత్రమే. పొడిచేత్తో సరే. ఆమె అప్పుడే దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చారు, వేళ్ళకు నూనె ఉంది. నునుపైన స్టీలు మీద వేళ్ళు జారిపోయాయి. ఆ నూనె చేతులే నాకు అసలు పరీక్ష పెట్టాయి. రోజూ రెండు పూటలా ఆ చేతులతోనే కదా ఆమె తలుపు తీసేది.

గుబ్బలు, అంటే గుండ్రటి నాబ్‌లు మొదటే వద్దనుకున్నాం. వాటిని వేళ్ళతో చిటికె పట్టుగా పట్టుకోవాలి. ఏటికొప్పాక లక్క గుబ్బలంటే నాకు చాలా ఇష్టం. అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు పట్టించి చేస్తారు. అల్మరాలకు ఎన్నో చోట్ల పెట్టాను. 55 కిలోల తలుపుకు, ఈ చేతులకు అవి తగవు.

చివరికి లోహం ఏదీ లేకుండా టేకులోనే గుంట తీయాలని నిర్ణయించాం. తలుపు నిలువు చట్రం ఘనమైన టేకు కాబట్టే అది సాధ్యమైంది. ప్లైవుడ్ తలుపైతే పొరలు బయటపడి పెచ్చులు లేస్తాయి, లోహపు తొడుగు తప్పదు. మా వడ్రంగి మేస్త్రి ముందు ఒక పనికిరాని టేకు ముక్క మీద మూడు నమూనాలు తీశారు. మూడింటిలోనూ అమ్మగారి చెయ్యి పెట్టించి చూశాం. మొదటి దాని లోతు 15, రెండోది 18, మూడోది 22. మూడోదాంట్లో వేళ్ళు రెండో కణుపు దాకా దిగి, లాగే బలం కొనల మీద కాకుండా వేళ్ళ మధ్య భాగం మీద పడింది. "ఇది పట్టుకున్నట్టుంది" అన్నారు. మిగతా రెండింటి గురించి ఆమె ఏమీ అనలేదు.

22 లోతు తీస్తే 40 మందంలో 18 మిగులుతుంది. చాలు. పొడవు 180 మి.మీ., వెడల్పు 45. తలుపు మూయడానికి వేళ్ళు ఆనే గోడ, అంటే తలుపు అంచు వైపు గోడ, నిలువుగా ఉండకుండా లోపలికి 5 మి.మీ. వాలేలా మేస్త్రి ఉలితో చెక్కారు. పైన పెదవి, లోపల చిన్న గుహ. నూనె వేళ్ళయినా ఆ పెదవి కింద ఆగుతాయి. రూటర్ మెషిన్‌తో గుంట తీయడానికి అరగంట పట్టింది. ఈ వాలు చెక్కి, అంచులు గుండ్రంగా నునుపు చేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. "యంత్రం గుంట తీస్తుంది గానీ చేతికి చోటు చేయలేదు సార్" అన్నారాయన, ఉప్పు కాగితం వేలికి చుట్టుకుని లోపల రుద్దుతూ.

తలుపంతా పి.యు. (పాలీయూరిథేన్) పాలిష్ ఉన్నా గుంట లోపల వేయలేదు. గోళ్ళు తగిలే చోట పూత పెచ్చులూడుతుంది. మైనం, నూనె కలిపి రుద్ది వదిలేశాం. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. చేతుల నూనె తగిలే కొద్దీ నల్లబడి నిగనిగలాడుతుందే తప్ప పాడవదు.

ఎత్తు విషయంలో మామూలుగా మేము నేల నుంచి మీటరు దగ్గర హ్యాండిల్ మధ్య గీత పెడతాం. అమ్మగారు పొట్టి, పైగా వాకర్ మీద కొద్దిగా వంగి నిలబడతారు. ఆమె నిలబడ్డ చోట మోచెయ్యి ఎత్తు చూసి 960 దగ్గర పెట్టాం. గుంట 870 నుంచి 1050 వరకు వచ్చింది. పదేళ్ళ మనవడికీ, ఆరడుగుల కొడుక్కీ ఇబ్బంది లేకపోవడానికి ఆ 180 పొడవే కారణం. ఎవరి ఎత్తును బట్టి వాళ్ళు పైనో కిందో పట్టుకుంటారు.

ముందు వైపు, సముద్రం వైపు

హాలు వైపు హ్యాండిల్‌కు స్థలం సమస్య లేదు, లోహం సమస్య ఉంది. ఇక్కడ విశాఖ గాలి గురించి రెండు మాటలు చెప్పాలి. దుకాణంలో "స్టీలు" అని అమ్మేవన్నీ ఒకటి కావు. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ ఎక్కువ కలుపుతారు. చవక, సముద్రం దగ్గర త్వరగా మచ్చలు పడుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అదే. అయస్కాంతం పెట్టి చూసి "అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలు" అని చెప్పే మాట నమ్మవద్దు. 202 కూడా అంటుకోదు.

ఇంకో సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. వానకు తడిసే బయటి స్టీలు కంటే, గాలి తగులుతూ వాన తగలని చోట ఉన్న స్టీలుకే గోధుమ రంగు మరకలు త్వరగా వస్తాయి. వాన ఉప్పును కడిగేస్తుంది. బాల్కనీకి ఎదురుగా ఉన్న హాలు గోడను ఎవరూ కడగరు. మా హ్యాండిల్ ఉన్నది సరిగ్గా అలాంటి చోటే. స్టీలు పెట్టేటట్టయితే గరుకు గీతల ఫినిష్ కంటే నునుపైనది మేలు, ఉప్పు నిలవడానికి సందు ఉండదు. వారానికోసారి మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి. జింకు మిశ్రమంతో పోత పోసి పైన మెరుగు వేసిన హ్యాండిళ్ళను నేను బీచ్ వైపు ఇళ్ళకు పెట్టడం మానేశాను. పూత కింద బుడగలు లేస్తాయి, దాన్ని తిరిగి బాగుచేసే దారి లేదు.

నేను 316 స్టీలు పెడదామన్నాను. అమ్మగారు ఇత్తడి అన్నారు. "ఇత్తడి నల్లబడితే చింతపండు పెట్టి తోముకుంటాం. ఆ నల్లది తుప్పు పడితే ఏం పెట్టి తోమను?"

ఆ మాటలో లోహశాస్త్రం ఉంది. ఇత్తడి ఉప్పుగాలికి మసకబారుతుంది, సందుల్లో పచ్చ చిలుము పడుతుంది, కానీ పైపైనే. మామూలుగా ఇంట్లో వాడే మందపాటి పిడిని తినేయదు. తోమితే కొత్తది. పూత లేని వస్తువుకు పూత ఊడే బాధ లేదు. శ్రీకాకుళం జిల్లా బుడితి పేరు కంచు, ఇత్తడి పనికి ప్రసిద్ధం, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అలాంటి పోత ఇత్తడి బరువు చేతికి తెలుస్తుంది. ఈ ఇంటికి లక్క పూత వేయని గట్టి ఇత్తడి కడ్డీ హ్యాండిల్ తీసుకున్నాం, 20 మి.మీ. లావు, కాళ్ళ మధ్య దూరం 300. కొనేటప్పుడు పీసు చివర చిన్న గీత గీసి చూడమని చెబుతాను. లోపల తెల్లగా కనిపిస్తే అది ఇత్తడి రంగు వేసిన మరో లోహం.

లావు కూడా చేతిని బట్టి చూసిందే. పది, పన్నెండు మి.మీ. సన్నటి కడ్డీ ఫొటోలో నాజూగ్గా ఉంటుంది, వాచిన వేళ్ళు దాని చుట్టూ పూర్తిగా ముడుచుకోలేవు. కడ్డీకీ తలుపుకూ మధ్య 40 మి.మీ. ఖాళీ పెట్టాం, బంగారు గాజులతో సహా చెయ్యి దూరడానికి.

బిగింపు ముందులాగే వెనుక నుంచి బోల్టులతోనే. చెక్క స్క్రూలు వద్దు. మనవడు హ్యాండిల్ పట్టుకుని వేలాడటం నేను కళ్ళారా చూశాను. 316 స్టీలు బోల్టులు వాడి, వాటి తలలను వెనుక చెక్కలోకి దింపి, పైన టేకు బిళ్ళలు కొట్టి మట్టం చేశాం. బోల్టులు నేల నుంచి 810, 1110 ఎత్తుల్లో ఉన్నాయి, వెనుక గుంట వాటి మధ్యలో ఉంది. గుంట, బోల్టులు ఒకే నిలువు గీత మీద ఉన్నా ఒకదానికొకటి తగలకుండా ఇలా ముందే గీసుకోవాలి. పాత రంధ్రాలను టేకు బిళ్ళలతో పూడ్చాం. పాత గిన్నె చోటు కొత్త గుంట అంచును తాకుతోంది. అక్కడ మేస్త్రి ముందుగా చెక్క రేఖలు కలిసే టేకు ముక్కను అతికించి, ఆరాకే గుంట తీశారు.

తెరిచే వైపు సాఫ్ట్ క్లోజ్ తీసేశాం. అక్కడ రబ్బరు స్టాపర్ చాలు. మూసే వైపు ఉంచాం, వేళ్ళు నలగకుండా. నేల గైడ్ సరిచేసి, పట్టా మీద పేరుకున్న జిగురు దుమ్మును పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ కాటా పెట్టాను. తెరిచిన స్థితి నుంచి 1.4 కిలోలు. మూసిన స్థితి నుంచి, స్ప్రింగ్ ఉన్నా, 2.1. పని మొత్తం మేస్త్రికి రెండు రోజులు పట్టింది. ఖర్చు ఆ తలుపు అసలు ఖరీదులో పదో వంతు కూడా కాలేదు.

గడియ విషయం కూడా చెప్పాలి. అమ్మగారి గదికి లోపల గడియ పెట్టలేదు. ఆమె పడిపోతే బయటినుంచి తలుపు తీయగలగాలి. తలుపు మూసి ఉంటే ఎవరూ తట్టకుండా లోపలికి రాకూడదని ఇంట్లో వాళ్ళే ఒప్పుకున్నారు, మనవడితో సహా.

ఏడు నెలల తర్వాత

పోయిన నెల వెళ్ళి చూశాను. బెల్లు కొట్టి లోపలికి వెళ్ళేసరికి ఆ గది తలుపు మూసి ఉంది. చాలా సంతోషం వేసింది, ఇది రాస్తుంటే మళ్ళీ వేస్తోంది. కాసేపటికి తలుపు మెల్లగా జరిగింది. గుమ్మం అంచున నాలుగు వేళ్ళు, వాటి వెనుక వాకర్.

గుంట లోపల కింది భాగం, 870 నుంచి ఓ జానెడు మేర, చింతగింజ రంగుకు తిరిగి మెరుస్తోంది. పైభాగం ఇంకా కొత్త టేకు రంగులోనే ఉంది. గుమ్మం మీద కొత్త గీతలు లేవు. నేల గైడ్ మళ్ళీ అర మిల్లీమీటరు వదులైంది, బిగించాను. దాన్ని ఆరు నెలలకోసారి చూడాలని కోడలికి చెప్పాను.

ఇత్తడి హ్యాండిల్ విషయంలో నేను ఆలోచించని ఇబ్బంది ఒకటి వచ్చింది. చింతపండుతో తోమినప్పుడు పులుసు కారి హ్యాండిల్ కాళ్ళ దగ్గర టేకు పాలిష్ మీద తెల్లటి మరక పడిందట. దానికి కోడలే ఉపాయం కనిపెట్టారు. అమ్మగారి మోకాలి పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తీసుకుని, హ్యాండిల్ కాళ్ళు పట్టేలా రెండు సందులు కత్తిరించారు. తోమే ముందు దాన్ని హ్యాండిల్ వెనుక దూర్చి, తోమడం అయ్యాక తీసి కడిగి అల్మరా వెనుక నిలబెడుతున్నారు. నాకు చూపించారు. సందుల కొలత ఎంత సరిగ్గా ఉందంటే, తీసుకుని నా దగ్గర ఒక నకలు గీసుకున్నాను.